రంగు తీయాలి – పడవ చర్మం తీయకూడదు

ఏటా ఏప్రిల్ 15 వస్తుంది. తూర్పు తీరంలో వేట ఆగుతుంది. ఇంజను పడవలు ఒడ్డుకు చేరతాయి. మళ్ళీ జూన్ 14 దాటాకే సముద్రం మీదికి పోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. అందుకే ప్రభుత్వం వేటకి సెలవు పెట్టింది.

ఈ సెలవు ఎన్ని రోజులు? లెక్క వేద్దాం.

ఏప్రిల్‌లో 16 రోజులు.
మే నెలలో 31 రోజులు.
జూన్‌లో 14 రోజులు.
మొత్తం 61 రోజులు.

ఈ 61 రోజులు వేట లేదు. కానీ పని ఉంది. వలలు బాగుచేసుకోవాలి. ఇంజను విప్పి చూసుకోవాలి. పడవకి పాత రంగు తీసి కొత్త రంగు వెయ్యాలి.

రంగు పని మగవాళ్ళ పని అంటారు. మరి నీళ్ళు మోసేది ఎవరు? ఊడిన రంగు ఊడ్చేది ఎవరు? దుమ్ము పట్టిన లుంగీలు, చొక్కాలు ఉతికేది ఎవరు? ఆ పడవ నీడలో ఆడుకునేది ఎవరి పిల్లలు? ఆలోచించండి. ఈ పని మంచీ చెడ్డా ఆడవాళ్ళకీ తెలియాలి.

ఫైబర్ అంటే ఏమిటి?

వెనకటి రోజుల్లో తెప్పలు, పడవలు చెక్కతో చేసేవారు. దుంగలు తాళ్ళతో కట్టి తెప్ప చేసేవారు. పలకలు కుట్టి పడవ చేసేవారు. 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం అనే పథకం మొదలైంది. మన ఒడ్డుకి తగిన కొత్త రకం పడవల మీద ఆ పథకంలో పని జరిగింది. తర్వాత ఫైబర్ పడవలు ఊరూరా వచ్చాయి. ఇవాళ చాలా పల్లెల్లో ఉన్నవి ఫైబర్ తెప్పలే.

ఫైబర్ అంటే గాజు పీచు. గాజుని కరిగించి సన్నటి దారాలు తీస్తారు. వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి. ఆ పీచుని చాపలాగా పరుస్తారు. దానినే మ్యాట్ అంటారు. మ్యాట్‌ని రెజిన్ అనే జిగురు మందుతో తడుపుతారు. మందు గట్టిపడుతుంది. పీచు బలం ఇస్తుంది. రెజిన్ పట్టి ఉంచుతుంది. గోడలో ఇటుకలకి సిమెంటు ఎలాగో, పడవలో పీచుకి రెజిన్ అలాగ.

ఈ పీచు మీద ఇంకొక పొర ఉంటుంది. నున్నగా, గట్టిగా ఉంటుంది. దానిని జెల్‌కోట్ అంటారు. అది పడవకి చర్మం లాంటిది. నీళ్ళు లోపలికి పోకుండా అదే కాపాడుతుంది. ఎండ దెబ్బని మొదట అదే కాస్తుంది.

ఆ చర్మం మందం ఎంత? దాదాపు అర మిల్లీమీటరు. అయిదు నోటు పుస్తకం కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టండి. వేళ్ళతో నొక్కి చూడండి. సుమారు అంతే మందం.

రంగు ఆ చర్మం మీద ఉంటుంది. రంగు తీసేటప్పుడు చర్మం తెగకూడదు. ఈ పాఠంలో ఇదే అసలు మాట.

తొందర పడితే ఏమవుతుంది?

ఒక పల్లెలో ఇలా జరిగిందనుకోండి.

నడి వేసవి. పడవకి మూడు పొరల పాత రంగు ఉంది. అడుగున ఎరుపు, దాని మీద పసుపు, పైన నీలం. మరిది పట్నం వెళ్ళి గ్రైండరు అద్దెకి తెచ్చాడు.

"వదినా, ఒక్క పూటలో అయిపోద్ది. నువ్వు పక్కకి ఉండు" అన్నాడు.

బుయ్‌మని మిషను తిరిగింది. నీలం, పసుపు, ఎరుపు దుమ్ము లేచింది. గాలి ఊరి వైపు తోలుతోంది. దుమ్ము గుడిసెల మీద పడింది. నీళ్ళ బిందెల మీద పడింది. ఎండబెట్టిన వడియాల మీద, ఎండు చేపల మీద పడింది. పిల్లలు ఆ రంగు పొడిని గుప్పెళ్ళతో తీసి ఆడుకున్నారు.

వదిన దగ్గరికి వచ్చి చూసింది. మిషను తిరిగిన చోట తెల్లటి పీచు కనిపించింది.

"ఆపు బాబూ, ఆపు" అంది.

అత్త కేకేసింది. "ఏటే కోడలా, జరిగే పని ఆపించీసినావు?"

"ఇటొచ్చి చూడు అత్తా. కొబ్బరి పీచులాగా పైకి లేచింది. రంగు పోయింది. రంగుతో పాటు చర్మం కూడా పోయింది."

అత్త వంగి వేలితో రాసింది. వేలికి గరగరమంది. కాసేపటికి దురద మొదలైంది.

"నిజమేనే. ఇందులోంచి నీళ్ళు లోపలికి దిగవా?" అంది.

దిగుతాయి. పీచు బయటపడిన చోట నీరు మెల్లగా లోపలికి ఎక్కుతుంది. పొరలు విడిపోతాయి. ఆ చోట పడవ మెత్తబడుతుంది. అలలో ఒడ్డుకి కొట్టుకుంటే అక్కడే పగులుతుంది. మరిదికి ఒక పూట పని కలిసొచ్చింది. కానీ ఇప్పుడు మ్యాట్ కొనాలి. రెజిన్ కొనాలి. పనివాడికి కూలి ఇవ్వాలి. పూట మిగుల్చుకోబోతే వారం పోయింది.

ఇది పడవకి జరిగిన నష్టం. మనుషులకి జరిగే నష్టం దీనికన్నా పెద్దది.

దుమ్ములో ఏముంది?

గాజు పీచు దుమ్ము ఒంటి మీద పడితే దురద, దద్దుర్లు వస్తాయి. కంట్లో పడితే కన్ను ఎర్రబడుతుంది. గొంతులోకి పోతే దగ్గు వస్తుంది. సన్నటి దుమ్ము కంటికి కనపడదు. అదే ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది.

పాత రంగు దుమ్ములో ఇంకొక విషం ఉండొచ్చు. దాని పేరు సీసం. వలకి కట్టే సీసం గుండ్లు మనకి తెలుసు. ఆ సీసమే పాత రంగుల్లో కలిపేవారు. ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో ఎక్కువగా ఉండేది. రంగు మెరవడానికి, తొందరగా ఆరడానికి, ఎక్కువ కాలం నిలవడానికి కలిపేవారు.

మన దేశంలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం తగ్గించాలని 2016లో నిబంధన చేశారు. 2017 నవంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పది లక్షల పాళ్ళ రంగులో సీసం 90 పాళ్ళు దాటకూడదు. అయితే ఈ నిబంధన ఇంటి రంగులకే. అంతకు ముందు వేసిన పాత పొరలు ఇంకా పడవల మీద, తలుపుల మీద, కిటికీల మీద ఉన్నాయి. పాత రంగు గీకుతున్నామంటే అందులో సీసం ఉందనే అనుకోవాలి. అలా అనుకుని జాగ్రత్త పడితే నష్టం లేదు.

సీసం ఒంట్లో చేరితే ఏమవుతుంది? రక్తం తగ్గుతుంది. కడుపులో నొప్పి రావచ్చు. పిల్లల మెదడు దెబ్బతింటుంది. చదువు తలకెక్కదు. మాట, నడవడి కూడా మారవచ్చు. కడుపుతో ఉన్న తల్లి ఒంట్లో సీసం చేరితే, లోపలి బిడ్డకి కూడా చేరుతుంది. ఇంత సీసం వరకు పిల్లలకి ఫరవాలేదు అని చెప్పే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంకొక చిక్కు ఉంది. సీసం ఒంట్లో చేరినట్టు వెంటనే తెలియదు. జ్వరంలాగా పైకి కనపడదు. రక్తం పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందుకే రాకుండా చూసుకోవడమే మేలు.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. రంగు గీకే చోటికి చిన్నపిల్లలు రాకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళు రాకూడదు. ఎంత జాగ్రత్తగా చేసినా వాళ్ళు మాత్రం రాకూడదు.

చెయ్యకూడని పనులు

1. పొడిగా రుద్దకూడదు. గ్రైండరుతో అసలే వద్దు. దుమ్ము లేస్తుంది. చర్మం తెగుతుంది. గ్రైండరు పెట్టి నీళ్ళు పొయ్యడం ఇంకా ప్రమాదం. కరెంటు షాకు కొడుతుంది.

2. మంట పెట్టకూడదు. కొంతమంది మంట దీపంతో రంగు కాల్చి గీకుతారు. ఇనుముకి అది చెల్లుతుందేమో. ఫైబర్‌కి చెల్లదు. వేడికి రెజిన్ పాడవుతుంది. అంటుకుని మండుతుంది కూడా. సీసం ఉన్న రంగు కాలితే విషపు పొగ వస్తుంది.

3. ఇసుకని గాలి మిషనుతో కొట్టించకూడదు. ఇనుప తుప్పు పోవడానికి అలా కొడతారు. ఫైబర్ చర్మం దానికి ఆగదు. గుంటలు పడుతుంది.

4. కాస్టిక్ సోడా పొయ్యకూడదు. అది రంగుతో పాటు రెజిన్‌ని కూడా తింటుంది. చెయ్యి కాలుతుంది. కంట్లో పడితే చూపు పోతుంది.

5. దొరికిన రంగు మందల్లా పుయ్యకూడదు. ఎందుకో కింద చదవండి.

డబ్బా మీద ఏం రాసి ఉంది?

రంగుల కొట్లో పెయింటు రిమూవర్ అనే మందు అమ్ముతారు. అది పూస్తే రంగు బుడగలు బుడగలుగా లేస్తుంది. ఇనుప బీరువాకి, ఇనుప గేటుకి పనికొస్తుంది. చాలా రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ అనే మందు ఉంటుంది. దీనికే డైక్లోరోమీథేన్ అని ఇంకొక పేరు. ఇది రంగుని మెత్తబరుస్తుంది. రెజిన్‌ని కూడా మెత్తబరుస్తుంది. ఆ మందుకి రంగు ఏదో పడవ ఏదో తెలియదు.

మనిషికీ అది మంచిది కాదు. దాని ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. మూసిన గదుల్లో ఈ మందు వాడి మనుషులు చనిపోయారు. 2019లో అమెరికాలో ఇంటివాడకం కోసం ఈ రకం రిమూవర్లు అమ్మకూడదని ఆపేశారు.

ఫైబర్ కోసమే చేసిన రిమూవర్లు వేరుగా ఉన్నాయి. వాటి డబ్బా మీద ఫైబర్‌కి వాడవచ్చని రాసి ఉంటుంది. అలా రాసి లేకపోతే కొనకండి. రాసి ఉన్నా ముందు అరచెయ్యంత చోట పూసి చూడండి. అడుగు పొర జిగటగా మారితే వెంటనే కడిగెయ్యండి.

డబ్బా మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉండొచ్చు. చదివినవాళ్ళ చేత చదివించుకోండి. బొమ్మలు మాత్రం ఎవరికైనా తెలుస్తాయి. మంట బొమ్మ ఉంటే నిప్పు అంటుకుంటుందని అర్థం. పుర్రె, ఎముకల బొమ్మ ఉంటే విషం. చేతి మీద చుక్కలు పడి చెయ్యి తినేస్తున్నట్టు బొమ్మ ఉంటే ఒళ్ళు కాలుతుంది. ఏ బొమ్మ ఉందో చూడకుండా ఏ డబ్బా మూతా తియ్యకండి.

కొట్టువాడిని ఇలా అడగండి: "ఇది ఫైబర్‌కి పనికొస్తుందా? ఎక్కడ రాసి ఉంది? చూపించండి." అడగడం మన హక్కు. డబ్బు మనది. పడవా మనది.

మొత్తం రంగు తియ్యాలా?

అక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు. గట్టిగా పట్టుకున్న పాత రంగు మీద కొత్త రంగు బాగానే నిలుస్తుంది. పొట్టు లేచిన రంగునే తియ్యాలి. అది ఉంచి పైన కొత్త రంగు వేస్తే, రెండూ కలిసి ఊడిపోతాయి.

రంగు గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? బ్లేడుతో రంగు మీద నిలువుగా నాలుగు గీతలు, అడ్డంగా నాలుగు గీతలు పెట్టండి. రంగు మాత్రమే తెగాలి. గట్టిగా నొక్కకూడదు. గీతల మీద అంటుకునే టేపు అతికించండి. బాగా రుద్దండి. ఒక్కసారిగా లాగండి. టేపుకి రంగు ముక్కలు అంటుకుని వస్తే ఆ రంగు తియ్యాలి. రాకపోతే ఉంచవచ్చు. పైపైన నీళ్ళతో రుద్ది మెరుపు పోగొడితే చాలు.

పడవ నాలుగు చోట్ల ఇలా పరీక్ష చెయ్యండి. సగం పని తప్పవచ్చు.

పని చేసే పద్ధతి

కావలసినవి: పెద్ద బరకం, రెండు బకెట్లు, సబ్బు పొడి, లప్పం పట్టీ, నీళ్ళలో వాడే గరుకు కాగితం, అరచేతిలో పట్టే చెక్క ముక్క, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు.

మాస్కు సంగతి 2020లో కరోనా కాలంలో అందరికీ తెలిసింది. ముక్కుకి తువ్వాలు కడితే సన్నటి దుమ్ము ఆగదు. ఎన్95 ఆపుతుంది. కానీ మందుల ఆవిరిని ఎన్95 కూడా ఆపదు. మందు వాడితే గాలి ఆడే చోటే వాడాలి. గాలి మన వీపు వైపు నుంచి రావాలి.

మొదటి పని – కడగడం. పడవని నీడలో పెట్టండి. ఊరికి, బావికి దూరంగా ఉంటే మంచిది. కింద బరకం పరవండి. మంచినీళ్ళు, సబ్బుతో ఉప్పు, నూనె, పొలుసు పోయేలా కడగండి. జిడ్డు మీద రుద్దితే జిడ్డు గీతల్లోకి పోతుంది. తర్వాత రంగు పట్టదు.

రెండో పని – పొరలు లెక్కపెట్టడం. ఒక మూల రూపాయి బిళ్ళంత చోట నీళ్ళు వేసి రుద్దండి. ఉల్లిపాయ కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. నీలం వలయం, పసుపు వలయం, ఎరుపు వలయం. మధ్యలో ఒకే తీరు రంగు వచ్చి ఇక మారకుండా ఉంటే, అదే జెల్‌కోట్. అక్కడ చెయ్యి ఆపాలి. ఈ గుర్తు ఇంట్లో పనిచేసే అందరికీ చూపించండి.

మూడో పని – గీకడం. లప్పం పట్టీ మూలలు ఆకురాయితో అరగదీసి గుండ్రంగా చెయ్యండి. లేకపోతే మూల గుచ్చుకుని చర్మం చీలుతుంది. పట్టీని వాలుగా పట్టండి. లేచిన పొట్టు కిందికి పోనిచ్చి మెల్లగా నెట్టండి. గీకే ముందు నీళ్ళు చల్లండి. దుమ్ము లేవదు.

నాలుగో పని – తడిగా రుద్దడం. గరుకు కాగితం వెనక ఒక అంకె ఉంటుంది. చదవండి. 80, 120, 220, 400 ఇలా ఉంటాయి. అంకె చిన్నదైతే గరుకు ఎక్కువ. అంకె పెద్దదైతే నునుపు ఎక్కువ. 80 తొందరగా కోస్తుంది. చర్మానికి ముప్పు. 120తో మొదలుపెట్టండి. ఎక్కువ రంగు పోయాక 220 పట్టండి.

కాగితాన్ని చెక్క ముక్కకి చుట్టండి. ఉత్త వేళ్ళతో రుద్దితే వేళ్ళ గాళ్ళు పడతాయి. కాగితం మాటిమాటికీ నీళ్ళలో ముంచండి. రెండో బకెట్లో కడగండి. బలం పెట్టకండి. కాగితమే పని చేస్తుంది. జెల్‌కోట్ కనిపించగానే పక్కకి జరగండి. పీచు కనిపించిందంటే హద్దు దాటినట్టే.

అయిదో పని – కడిగి ఆరబెట్టడం. మంచినీళ్ళతో బాగా కడగండి. కొన్ని రోజులు గాలికి ఆరనివ్వండి. ఆరిందో లేదో చూడాలంటే ఒక పాలిథిన్ ముక్క పడవకి అతికించండి. నాలుగు వైపులా టేపు వెయ్యండి. ఒక రోజు ఉంచండి. లోపల నీటి చుక్కలు పడితే ఇంకా తడి ఉంది. తడి మీద రంగు వేస్తే బొబ్బలు లేస్తాయి.

ఆరో పని – చూడటం. రంగు పోయాక పడవ నిజం చెబుతుంది. పగుళ్ళు ఉన్నాయా? వేలితో తడితే డొల్ల శబ్దం వస్తోందా? ఉంటే ముందు వాటిని బాగుచేయించాలి. తర్వాతే ఫైబర్‌కి పట్టే ప్రైమరు, ఆ పైన రంగు.

అతుకు వేసే పనివాళ్ళు రెజిన్‌లో హార్డనర్ కలుపుతారు. ఆ మందు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే కన్ను తెరిచి పట్టుకుని పదిహేను నిమిషాలు మంచినీళ్ళ ధారతో కడగాలి. నలపకూడదు. ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ సీసాలు పిల్లలకి అందకూడదు.

పని అయ్యాక

తొడుగులు, మాస్కు బయటే తీసెయ్యండి. ఒంటికి దుమ్ము అంటితే రుద్దకండి. ముందు ధారగా నీళ్ళు పోసుకోండి. తర్వాత సబ్బు రాయండి. తలస్నానం చేశాకే ఇంట్లోకి రండి. బిడ్డని ఎత్తుకోవడం ఆ తర్వాతే. పని బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. వేరే బకెట్లో ఉతకండి. చేతులు కడుక్కోకుండా తినకండి. పని చేసే చోట బీడీ, ఆకు వక్క వద్దు.

బరకం మీద రంగు ముద్ద పేరుకుంటుంది. పూర్తిగా ఎండకముందే ఎత్తండి. ఎండితే దుమ్మవుతుంది. గట్టి సంచిలో వేసి మూతి కట్టండి. పంచాయతీ చెత్త వాళ్ళకి "ఇది రంగు చెత్త" అని చెప్పి విడిగా ఇవ్వండి. సముద్రంలో పొయ్యకండి. ఇసుకలో పూడ్చకండి. కాల్చకండి.

పొయ్యి సంగతి కూడా చెప్పుకోవాలి. పాత చెక్క పడవ విరిగితే ఆ పలకలు వంట చెరుకుగా వాడతారు. రంగు ఉన్న చెక్క పొయ్యిలో పెట్టకండి. సీసం పొగ వంటింట్లో నిండుతుంది. బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమకూడదు. ఖాళీ రంగు డబ్బాలో నీళ్ళు, బియ్యం, ఉప్పు పొయ్యకూడదు.

పిల్లలకి రాగి జావ, ఆకుకూరలు, ముళ్ళతో నమిలి తినే చిన్న చేపలు పెట్టండి. కడుపు నిండా తినే బిడ్డ ఒంట్లోకి సీసం తక్కువగా ఎక్కుతుంది. కానీ తిండి మందు కాదు. అనుమానం ఉంటే డాక్టరుకి చెప్పి రక్తం పరీక్ష చేయించాలి.

కారుకైనా ఇదే మాట

ఫైబర్ పడవలకే కాదు. నీళ్ళ ట్యాంకులకి వాడతారు. కార్లకి కూడా వాడారు. 1953లో అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్ళో కార్వెట్ అనే కారు తయారైంది. దాని ఒళ్ళంతా ఫైబరే. ఆ ఏడాది 300 కార్లు చేశారు. మన బెంగుళూరులో కూడా 1980లలో డాల్ఫిన్ అనే ఫైబర్ కారు వచ్చింది. సిపానీ అనే కంపెనీ చేసింది.

అలాంటి పాత కార్లని కొందరు ప్రాణంగా చూసుకుంటారు. వాటికి పాత రంగు ఎలా తీస్తారో తెలుసా? చాలామంది ఓపికగా బ్లేడుతో పొర పొరగా లేపుతారు. తర్వాత తడి కాగితంతో రుద్దుతారు. జెల్‌కోట్ దగ్గర ఆగుతారు. దానికి రోజులు పడుతుంది. వారాలు పడుతుంది. వాళ్ళ చేతిలో డబ్బు ఉంది, మిషన్లు ఉన్నాయి. అయినా చేత్తోనే తీస్తారు. ఎందుకంటే చర్మం పోతే తిరిగి తేవడం కష్టం.

కారు వాళ్ళకి సరదా. పడవ మనకి కూడు. 61 రోజులు చేతిలో ఉన్నాయి. ఒక్క పూటలో అయిపోవాలని ఎందుకు తొందర?

గుర్తుంచుకోండి

పొడిగా వద్దు – తడిగా రుద్దు.
చిన్న అంకె గరుకు – పెద్ద అంకె నునుపు.
పీచు కనపడకముందే చెయ్యి ఆపు.
రాసి ఉన్నది చదవకుండా మందు పుయ్యకు.
పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు దూరం.

చర్చించండి

1. మీ ఊళ్ళో పడవలకి పాత రంగు ఎలా తీస్తున్నారు? దుమ్ము ఎటు పోతోంది?
2. రంగు గీకే పని ఊరికి దూరంగా ఒకే చోట చేసుకోవడానికి వీలుందా? ఎవరితో మాట్లాడాలి?
3. మరిది గ్రైండరు తెచ్చినప్పుడు వదిన పని ఆపించింది. మీరైతే ఏమని చెబుతారు?
4. సముద్రం లేని ఊరైతే, మీ ఇంటి పాత తలుపులు, కిటికీల రంగు ఎలా గీకుతున్నారు?

లెక్క చెయ్యండి

ఒక పడవకి రంగు తీయడానికి 12 రోజులు పట్టింది. ఆరడానికి 7 రోజులు. అతుకులకి 4 రోజులు. కొత్త రంగుకి 5 రోజులు. మొత్తం ఎన్ని రోజులు? 61 రోజుల్లో ఇంకా ఎన్ని మిగిలాయి?

చదవండి – రాయండి

1. పడవ చర్మాన్ని ఏమంటారు?
2. పాత రంగులో ఉండే విషం పేరు రాయండి.
3. మీ ఇంట్లో ఉన్న ఒక రంగు డబ్బా గాని, మందు డబ్బా గాని తీసుకోండి. దాని మీద ఏ బొమ్మ ఉందో చూడండి. దాని అర్థం ఒక వాక్యంలో రాయండి.